11 పీడీఎఫ్‌లు, ఒకే ఒక్క అప్‌లోడ్ బటన్. కలపడం ఎలాగండి?

మహేంద్రతనయ | పర్లాకిమిడి | శనివారం రాత్రి 8:12

అందరికీ నమస్కారం. మాది ఒడిశా. మా గుంటకి, అదే మా అమ్మాయికి, ప్లస్ టూ అయిపోయింది. ఆంధ్రా వైపు ఒక కాలేజీలో నర్సింగ్‌కి పెడుతున్నాం. ఫారం అంతా నింపేశాను. తీరా ఆఖర్న చూస్తే ఒకటే బటన్. పక్కన "అన్ని సర్టిఫికెట్లూ కలిపి ఒకే పీడీఎఫ్, 2 ఎంబీ మించరాదు" అని ఉంది.

నా దగ్గర 11 ఫైళ్ళున్నాయి. పదో తరగతి మార్కులు, ప్లస్ టూ మార్కులు, సీఎల్‌సీ (కాలేజీ వదిలినట్టు ఇచ్చే సర్టిఫికెట్), మైగ్రేషన్, తాసిల్దారు ఆఫీసు నుంచి ఆన్‌లైన్లో వచ్చిన జాతి, నివాస, ఆదాయ సర్టిఫికెట్లు, పిల్ల ఆధార్, వాళ్ళ నాన్నగారి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, డాక్టరు రాసిచ్చిన ఆరోగ్య సర్టిఫికెట్. సగం డౌన్‌లోడ్ చేసినవి, సగం ఫోనుతో తీసినవి. మొత్తం 34 ఎంబీ తేలింది.

బజార్లో నెట్ సెంటర్ అబ్బాయిని అడిగితే "పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్ళండి, రేపు సాయంత్రం రండి" అన్నాడు. ఇద్దరి ఆధార్లూ పాస్‌బుక్కూ ఒకరి చేతిలో పెట్టి ఇంటికి రావడానికి మనసొప్పలేదు. ఇంట్లో పాత విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. మంగళవారం ఆఖరి రోజు. ఎవరైనా దారి చూపండి.

గున్పూరు కుర్రాడు | శనివారం రాత్రి 8:20

అక్కా, రెండు నిమిషాల పని. ఐలవ్‌పీడీఎఫ్ అని కొట్టండి, సైటు వస్తుంది. 11 ఫైళ్ళూ అందులో పడేసి కలుపు అంటే కలిపి ఇచ్చేస్తుంది. డబ్బులేం అక్కర్లేదు. నా స్కాలర్‌షిప్‌కి నేను రైల్లో కూర్చుని ఫోనులోనే చేశాను. పర్లాకిమిడి దాటాక సిగ్నల్ పోయి మళ్ళీ మొదట్నుంచి ఎక్కించాల్సొచ్చింది, అది వేరే విషయం.

బరంపురం పాతకాపు | శనివారం రాత్రి 8:41

కుర్రాడా, ఆవిడ పక్క వీధి షాపులో పెన్‌డ్రైవ్ ఇవ్వడానికే మనసొప్పలేదంటోంది. అవే ఆధార్లని మొహం కూడా తెలియని సర్వర్‌కి ఎక్కించమంటున్నావు. కొన్ని గంటల్లో చెరిపేస్తామని ఆ సైట్లు రాసుకుంటాయి, చెరుపుతాయి కూడా కావచ్చు. నేను వాళ్ళని తప్పుపట్టను. పెళ్ళి శుభలేఖలూ సినిమా పాటల కాగితాలూ అయితే నేనూ అక్కడే కలుపుతాను. ఆధార్, పాన్, పాస్‌బుక్కు మాత్రం ఇల్లు దాటనివ్వను.

అమ్మా, మీ ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్‌శామ్ బేసిక్ అని ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. ఒకసారి దింపుకున్నాక నెట్ కట్టేసినా పనిచేస్తుంది, మీ ఫైలు ఎక్కడికీ పోదు. తెరిచాక కలపడం, విడగొట్టడం, తిప్పడం అంటూ గళ్ళు కనిపిస్తాయి. కలపడం మీద నొక్కి, ఫైళ్ళు లాగి పడేసి, పైకీ కిందకీ జరుపుకుని, కింద రన్ నొక్కడమే. ఎక్కించేటప్పుడు వాళ్ళదే డబ్బులు కట్టే రకం కూడా చూపిస్తారు. అది మీకొద్దు.

అడోబ్ రీడర్ ఉంది కదా, దాన్లో కలపొచ్చనుకుంటారు చాలామంది. ఉచితంగా వచ్చే రీడర్ చదవడానికే. కలిపేది డబ్బులు కట్టే అక్రోబాట్.

మహేంద్రతనయ | శనివారం రాత్రి 9:30

పాతకాపు గారూ, ధన్యవాదాలండి. అది డౌన్‌లోడ్ అవుతోంది, మా నెట్ నత్తనడక. ఈలోగా మా మరిది ఒక విద్య చూపించాడు. నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి కాపీ అని రాసి, ఫైళ్ళ పేర్ల మధ్య ప్లస్ గుర్తులు పెట్టాడు. టకీమని ఒక ఫైలు వచ్చింది. సైజు చూస్తే సరిగ్గా 34 ఎంబీ. అబ్బ అయిపోయిందనుకున్నాను. తెరిస్తే ఆరోగ్య సర్టిఫికెట్ ఒక్కటే ఉంది! మిగతా పదీ ఏమైనట్టు? సైజు మాత్రం అంతే ఉందే?

జైపూర్ మాస్టారు | శనివారం రాత్రి 9:52

అమ్మా, పోలేదు, ఆ ఫైల్లోనే ఉన్నాయి. కనబడవంతే.

పీడీఎఫ్‌ని చదివే ప్రోగ్రామ్ ముందు ఫైలు తోక దగ్గరికి వెళ్తుంది. విషయసూచిక అక్కడుంటుంది: ఫలానా పేజీ ఇన్నో బైటు దగ్గర, ఫలానా ఫాంటు ఇన్నో బైటు దగ్గర అని. మీ మరిది 11 పుస్తకాలని అట్టలతో సహా ఒకదాని మీద ఒకటి పెట్టి దారంతో కట్టేశాడు. చదివేవాడు అడుగున ఉన్న ఆఖరి పుస్తకం సూచిక తీశాడు. అందులో ఆరోగ్య సర్టిఫికెట్ ఒక్కటే రాసుంది. దాంతో సరిపెట్టుకున్నాడు. మిగతా 10 పుస్తకాలు బరువుకే మిగిలాయి.

మామూలు అక్షరాల ఫైళ్ళయితే మీ మరిది పద్ధతి భేషుగ్గా పనిచేస్తుంది, ఆయన్ని తిట్టకండి. పీడీఎఫ్‌కి మాత్రం అన్ని సూచికలూ విప్పి, పేజీలకి కొత్త నంబర్లిచ్చి, ఒకే సూచిక మళ్ళీ రాసే ప్రోగ్రామ్ కావాలి. కలపడం అంటే అసలు పని అదే.

పాతపట్నం జిరాక్స్ | శనివారం రాత్రి 10:15

అప్పా (మా వైపు అక్కని ఇలాగే అంటాం), నాది పాతపట్నంలో జిరాక్సు షాపు. మీ ఊరి నుంచి ఆటో ఎక్కితే నా దగ్గరికే వొచ్చి దిగుతారు. అడ్మిషన్ల టైములో రోజుకి ఇరవై మందికి ఇదే పని సేత్తాను, అందుకు ఓ మాట సెప్తాను.

కలపడం గురించి అందరూ సెప్పేసారు. సైజు గురించి ఒక్కరూ సెప్పలేదు. మొత్తం 34 ఎంబీ ఉన్న 11 ఫైళ్ళు కలిపితే 34 ఎంబీది ఒకటి వొత్తాది. కలిపితే తగ్గదు. ముందు తగ్గించుకోవాలి, తర్వాత కలుపుకోవాలి.

ఏటవుతాదంటే, ఎ4 కాయితం 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 సుక్కల లెక్కన, తీసారనుకోండి, 2480 సుక్కల వెడల్పు, 3508 సుక్కల పొడుగు. అదే 150కి దించితే వెడల్పు సగం, పొడుగు సగం, అంటే మొత్తం సుక్కలు నాలుగో వంతు. సర్టిఫికెట్ సదవడానికి 150 సాలు. పైగా మార్కుల లిస్టుకి రంగులెందుకు? గ్రే పెట్టండి. ఉత్త తెలుపు నలుపు మాత్రం పెట్టకండి, అందులో ముద్రలూ సంతకాలూ మసయిపోతాయి. గుండ్రటి ముద్ర నల్ల లడ్డూలాగ వొచ్చిందని ఒకాయన నా మీదే కేకలేసేడు.

ఫోనుతో తీసినవి ఒక్కోటి ఎంతుందో సూడండి. నా లెక్క ప్రకారం మీ 34లో 30 ఆటివే.

మహేంద్రతనయ | శనివారం రాత్రి 10:31

అవును బాబూ! పదో తరగతి మార్కుల లిస్టు ఒక్కటే 9 ఎంబీ ఉంది. తాసిల్దారు ఆఫీసువి మూడూ కలిపి 1 ఎంబీ కూడా లేవు.

పాతపట్నం జిరాక్స్ | శనివారం రాత్రి 10:38

దుప్పటి మీద పెట్టి తీసారా?

మహేంద్రతనయ | శనివారం రాత్రి 10:40

ఎలా తెలిసింది? పూల దుప్పటి.

పాతపట్నం జిరాక్స్ | శనివారం రాత్రి 10:47

ఆ పూలన్నీ ఫైల్లోకి ఎక్కేసాయప్పా. సాదా తెల్లగోడైతే ఫొటో సిన్నగా నొక్కుకుంటాది, పూలూ గీతలూ ఉంటే నొక్కుకోదు. గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ అని ఉంటాది, అందులో మళ్ళీ తీయండి. అంచులు అదే కత్తిరించుకుంటాది. పగటి పూట కిటికీ దగ్గర పెట్టి తీయండి, ట్యూబులైటు కింద తీత్తే మీ సెయ్యి నీడ పడతాది. ఒకటి తీసాక ప్లస్ కొట్టి ఇంకోటి తీత్తే ఆ పేజీలన్నీ అప్పుడే ఒకే పీడీఎఫ్ అయి కూర్చుంటాయి. అంటే కాయితాలన్నీ ఒక్క బైఠక్‌లో తీసేత్తే మీకు కలపాల్సినవి సగానికి సగం తగ్గిపోతాయి.

సిరొంచ ప్రాణహిత | ఆదివారం ఉదయం 7:05

అందరికి నమస్తే. మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత గోదాట్ల కలిసే కాడ, ఆవలి ఒడ్డుకు కాళేశ్వరం. ఇయ్యాల పొద్దుగాల్నే ఈ ముచ్చట సూసిన. అక్కా, మీరు తాసిల్దారు సర్టిఫికెట్లు మూడున్నయన్నరు గదా, ఆటి మీద డిజిటల్ సంతకం ఉందా? ఉంటే ఆగండి, కలపకముందే నా ముచ్చట ఇనండి.

మా దిక్కు పొలం కాయితాన్ని సాత్‌బారా అంటరు. ఆన్‌లైన్ల డిజిటల్ సంతకం తోని వస్తది. నేను పంట లోన్‌కని సాత్‌బారా, ఆధార్, ఫొటో అన్నీ ముద్దుగ ఒక్కటే పీడీఎఫ్ జేసి ఓ బ్యాంకుల ఇచ్చిన. అక్కడి పిల్లగాడు కంప్యూటర్ల తెరిచి సంతకం మీద నొక్కిండు. ఏం రాలే. "ఇది ఉత్త బొమ్మ, సంతకం లేదు, అసలుది పట్టుకరా" అన్నడు. మళ్ల ఇంటికి వచ్చి అసలు ఫైలు దొరకవట్టుకుని పోయే వరకు రెండు రోజులు పాయె.

బరంపురం పాతకాపు | ఆదివారం ఉదయం 8:10

ప్రాణహిత గారు మంచి మాట ఎత్తారు, నాకు తట్టనేలేదు.

డిజిటల్ సంతకం అంటే పేజీ మీద కనబడే ఆ గళ్ళ బొమ్మ కాదు. సంతకం పెట్టినప్పుడు ఫైల్లో ఉన్న బైట్లన్నిటికీ లెక్కకట్టి లోపల పెట్టిన గుర్తు. ఒక్క బైటు మారినా లెక్క తప్పుతుంది, అదే దాని గొప్ప. కలిపితే పుట్టేది కొత్త ఫైలు. పాత లెక్క దానికి నప్పదు. బొమ్మ మిగిలితే మిగులుతుంది, సంతకం పోతుంది. ప్రింట్‌లోకి వెళ్ళి పీడీఎఫ్‌గా దాచినా అంతే. ఏ ప్రోగ్రామ్ వాడినా దీనికి మందు లేదు.

అంచేత అమ్మా, ముందుగా ఆ మూడు సర్టిఫికెట్లూ, ఆధార్లూ వచ్చినవి వచ్చినట్టే 'అసలు' అని ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇక దాన్ని ముట్టుకోకండి. కాపీల మీదే పని చేయండి. తర్వాత ఆ కాలేజీ వాళ్ళకి ఫోన్ చేసి, కలిపిన ఫైల్లో సంతకం తనిఖీ అవదు, పరవాలేదా అని అడగండి.

గున్పూరు కుర్రాడు | ఆదివారం ఉదయం 9:25

అందుకేనా నా ఆదాయం సర్టిఫికెట్ తిప్పి పంపించారు! నేను సర్వర్ తప్పనుకుని మూడుసార్లు అదే ఫైలు ఎక్కించాను 😀

ఇంకోటక్కా, ఫైళ్ళకి 1, 2, 3 అని పేర్లు పెట్టకండి. నా ఫోను యాప్‌లో 1 తర్వాత 10, 11 వచ్చి, ఆ తర్వాత 2 వచ్చింది. అది అంకె చూడదు, మొదటి అక్షరం చూస్తుంది. 01, 02 అని పెడితే ఏ యాప్‌లో అయినా వరస తప్పదు.

సాలూరు సంతకాపరి | ఆదివారం ఉదయం 10:02

చర్చ బాగుంది గానీ, భాష ఏమిటండీ ఇది? ఒకరు 'సేత్తాను', ఒకరు 'జేసిన'. నలుగురూ చదివే చోట కాస్త పుస్తకభాషలో రాస్తే శోభగా ఉండేది.

మహేంద్రతనయ | ఆదివారం ఉదయం 10:20

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని రాస్తున్నానండి. ఇక్కడ పుస్తకభాష రాస్తే ఆయనకి కోపం వస్తుంది.

పాతపట్నం జిరాక్స్ | ఆదివారం ఉదయం 10:22

అద్గదీ అప్పా!

మహేంద్రతనయ | ఆదివారం మధ్యాహ్నం 2:15

కాగితాలన్నీ కిటికీ పక్కన చాప మీద, అంటే చాప మీద తెల్ల పంచె పరిచి, మళ్ళీ తీశాను. 9 ఎంబీ ఉన్న మార్కుల లిస్టు 140 కేబీకి వచ్చింది. నమ్మలేకపోయాను. అక్షరం అక్షరం పెద్దది చేసి చూశాను, చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. పీడీఎఫ్‌శామ్ కూడా ఎక్కింది.

ఇప్పుడు రెండు చిక్కులు. ఒకటి, పాస్‌బుక్కు ఫైలు దగ్గర ఎర్రగుర్తు వేసి తీసుకోనంటోంది. రెండు, ఆధార్లు పాస్‌వర్డ్ అడుగుతున్నాయి. పిల్లది తెరుచుకుంది. మా ఆయనది ఎన్నిసార్లు కొట్టినా తప్పంటోంది. పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లీషు పెద్దబడిలో (క్యాపిటల్స్‌లో), తర్వాత పుట్టిన సంవత్సరం, అంతేగా?

జైపూర్ మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 2:40

అంతే. కానీ 'పేరు' అంటే ఆధార్ మీద ఏది ముందు అచ్చయిందో అది. మీవారి ఆధార్ ఎక్కడ తీశారు?

మహేంద్రతనయ | ఆదివారం మధ్యాహ్నం 2:44

వాళ్ళది టెక్కలి. అక్కడే తీయించుకున్నారు.

జైపూర్ మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 2:58

అదే అనుకున్నాను. ఇటు ఒడిశాలో పేరు ముందు, ఇంటిపేరు వెనక. అటు ఆంధ్రాలో ఇంటిపేరు ముందు. మీ అమ్మాయిది ఇక్కడి పద్ధతి, తండ్రిది అక్కడి పద్ధతి. ఇంటిపేరు పూర్తిగా ఉంటే దాని నాలుగు అక్షరాలు కొట్టాలి. పొడి అక్షరం, చుక్క, ఆపైన పేరు ఉంటే ఆ చుక్క కూడా ఒక అక్షరమే: పొడి అక్షరం, చుక్క, పేరులోవి రెండు. మధ్యలో ఖాళీ మాత్రం లెక్కలోకి రాదు.

తెరుచుకున్నాక క్రోమ్‌లో ప్రింట్ నొక్కి, ప్రింటర్ చోట 'పీడీఎఫ్‌గా దాచు' ఎంచుకోండి. పాస్‌వర్డ్ లేని కాపీ వస్తుంది, దాన్ని కలపండి. పని అయ్యాక ఆ కాపీని చెత్తబుట్టలోంచి కూడా తీసేయండి. కాలేజీ వాళ్ళు ఒప్పుకుంటే చివరి నాలుగు అంకెలే కనబడే ముసుగు ఆధార్ దింపుకుని అది పెట్టడం ఇంకా మేలు.

మహేంద్రతనయ | ఆదివారం మధ్యాహ్నం 3:10

చుక్కే మాస్టారూ చుక్కే! పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, ఆయన పేరులో చుక్క ఉందని ఇవాళ తెలిసింది.

రాయగడ రైలుబాబు | ఆదివారం మధ్యాహ్నం 3:35

పాస్‌బుక్కు ఫైలు ఎవరు తయారు చేశారండి? ఫొటో తీసి, పేరు చివర జేపీజీ తీసేసి పీడీఎఫ్ అని రాశారేమో చూడండి. మా ఆఫీసులో ప్రతి నెలా ఒకరు చేస్తారు. డబ్బా మీద చీటీ మార్చినంత మాత్రాన పప్పు బియ్యం అవదు కదా.

పేరు మళ్ళీ జేపీజీ అని మార్చి, ఫొటో మీద కుడి నొక్కు నొక్కి, ప్రింట్, అందులో మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్. కింద 'ఫొటోని చట్రంలో నింపు' అన్న టిక్కు తీసేయండి, లేకపోతే అంచులు కోసేస్తుంది. పాస్‌బుక్కులో అంచు దగ్గరే ఖాతా నంబరు ఉంటుంది.

మహేంద్రతనయ | ఆదివారం మధ్యాహ్నం 3:50

మరిదే. మళ్ళీ మరిదే.

రాయగడ రైలుబాబు | ఆదివారం మధ్యాహ్నం 4:05

ఆయన ఉత్సాహం మెచ్చుకోవాలండి.

ఎవరికైనా పనికొస్తుందని ఐఫోన్, మ్యాక్ వాళ్ళకి: ఫోనులో ఫైల్స్ యాప్‌లో కావలసినవన్నీ ఎంచుకుని, మూడు చుక్కల్లో 'పీడీఎఫ్ తయారుచేయి' నొక్కితే చాలు, వేరే యాప్ అక్కర్లేదు. మ్యాక్‌లో ప్రివ్యూ తెరిచి, పక్కన చిన్న బొమ్మల పట్టీలోకి రెండో ఫైలు పేజీలు లాగి వదలడమే. కానీ ప్రివ్యూ మీరు అడక్కుండానే దాచేసుకుంటుంది. నేను మా అమ్మ పెన్షన్ కాగితాలకి మిగతావి జోడిస్తూ పోయాను, చివరికి చూస్తే పెన్షన్ ఆర్డరు ఫైలే 16 పేజీలైంది, విడిగా అసలు ఆర్డరు లేదు. ముందు ఒక నకలు తీసుకుని దాని మీద చేయండి.

కొరాపుట్ కాఫీతోట | ఆదివారం సాయంత్రం 5:20

నా గోల కూడా వినండి. కవల పిల్లలు, ఇద్దరికీ ఒకటే హాస్టల్ ఫారం. కంప్యూటర్లోనే గళ్ళలో టైపు చేసే రకం. పెద్దదానికి ఒకటి, చిన్నదానికి ఒకటి నింపి, రెండూ కలిపాను. తెరిస్తే ఇద్దరి పేరూ ఒకటే! విడిగా తెరిస్తే ఎవరి పేరు వాళ్ళకే ఉంది. ఏ భూతం పట్టిందో అర్థం కావట్లేదు.

బరంపురం పాతకాపు | ఆదివారం సాయంత్రం 5:48

భూతం కాదు. రెండు ఫారాల్లోనూ గడికి లోపల పెట్టిన పేరు ఒకటే, 'విద్యార్థి పేరు' అనుకోండి. ఒకే పీడీఎఫ్‌లో ఒకే పేరున్న గళ్ళు రెండుంటే అవి ఒకే గడిగా లెక్క, ఒకచోట ఉన్నది రెండోచోటా కనబడుతుంది. రెండింటినీ విడివిడిగా క్రోమ్‌లో ప్రింట్ చేసి పీడీఎఫ్‌గా దాచండి. గళ్ళు పోయి ఉత్త అక్షరాలు మిగులుతాయి. అప్పుడు కలపండి. పీడీఎఫ్‌శామ్‌లో గళ్ళ పేర్లు మార్చి కలిపే ఏర్పాటు కూడా ఉంది.

కలపడానికని వర్డ్‌లోనో లిబ్రేఆఫీస్ డ్రాలోనో మాత్రం పీడీఎఫ్ తెరవకండి. ఇంగ్లీషయితే ఎలాగో బతికి బయటపడుతుంది. మన ఒత్తులూ, ఒడియా గుండ్రాలూ విడిపోయి చెల్లాచెదురవుతాయి. మా అబ్బాయి జాతి సర్టిఫికెట్‌లో ఊరి పేరు అలాగే నాలుగు ముక్కలైంది.

కొరాపుట్ కాఫీతోట | ఆదివారం సాయంత్రం 6:30

పని జరిగింది, ఎవరి పేరు వాళ్ళకొచ్చింది. ధన్యవాదాలు.

జైపూర్ మాస్టారు | ఆదివారం రాత్రి 8:15

అందరికీ చెప్పాను గానీ నాకూ ఒక సందేహం ఉంది. మా తాతగారు జమాఖర్చులూ, నాటువైద్యం చిట్కాలూ, పొలం గొడవలూ అన్నీ కలగలిపి తెలుగులో రాసుకున్న పుస్తకం ఒకటుంది. 48 కాగితాలు, రెండు వైపులా రాత, 96 పేజీలు. కుట్టు ఊడిపోయి విడి కాగితాలయ్యాయి. తెలిసినవాళ్ళ ఆఫీసులో, కాగితాలు దానంతటదే లాక్కునే స్కానర్‌లో తీయించాను. అది ఒక వైపే తీస్తుంది. ముందు వైపులన్నీ ఒక ఫైలు: 1, 3, 5 అలా 95 దాకా. దొంతర తిరగేసి పెడితే వెనక వైపులు రెండో ఫైలు, అది 96 నుంచి వెనక్కి 94, 92 అలా వచ్చింది. మామూలుగా కలిపితే మొదటి సగమంతా ముందులు, రెండో సగమంతా వెనకలు. ఒక్కో పేజీ చేత్తో జరపాలంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

రాయగడ రైలుబాబు | ఆదివారం రాత్రి 8:33

మాస్టారూ, దీనికి పీడీఎఫ్‌శామ్‌లోనే వేరే గడి ఉంది, ఆల్టర్నేట్ మిక్స్ అంటారు. రెండు ఫైళ్ళూ వేసి, రెండో దాని వరసలో 'రివర్స్' టిక్కు పెట్టండి. ముందుదాన్లోంచి ఒకటి, వెనకదాన్లో చివర్నుంచి ఒకటి, జడ అల్లినట్టు అల్లేస్తుంది.

మహేంద్రతనయ | సోమవారం మధ్యాహ్నం 12:40

కాలేజీకి ఫోన్ చేశాను. "అప్‌లోడ్‌ది చూసుకోవడానికే, కౌన్సెలింగ్‌కి వచ్చేటప్పుడు సంతకం ఉన్న అసలు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోనూ, ఒరిజినల్స్ చేతిలోనూ పట్టుకురండి" అన్నారు. ఇంకో మాట కూడా అడిగారు, టీసీ ఏదని. మన సీఎల్‌సీయే అక్కడి టీసీ అని చెప్పేసరికి నా గొంతు పోయింది.

వాళ్ళ లిస్టులో ఉన్న వరసలోనే 01 నుంచి 11 దాకా పేర్లు పెట్టి కలిపాను. మైగ్రేషన్ సర్టిఫికెట్ వెనక వైపు ఖాళీ పేజీ కూడా స్కాన్ అయిపోయింది. పీడీఎఫ్‌శామ్‌లో ఆ ఫైలు ఎదురుగా పేజీల గడిలో 1 అని రాస్తే మొదటిదొక్కటే తీసుకుంది. మొత్తం 1.7 ఎంబీ. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పిల్లా నేనూ కూర్చుని చూశాం. ఆదాయ సర్టిఫికెట్ అడ్డంగా పడుకుని ఉంటే తిప్పి మళ్ళీ కలిపాం. 12:20కి అప్‌లోడ్ అయింది, రసీదు వచ్చింది.

అందరికీ చేతులెత్తి దండం. మరిదికి కూడా.

పాతపట్నం జిరాక్స్ | సోమవారం మధ్యాహ్నం 1:05

అప్పా, ఆ రసీదు కూడా దాచండి, అదే ఫోల్డర్‌లో. కౌన్సెలింగ్ రోజున అది లేదని ఏడుస్తూ నా షాపుకి వొచ్చేవోళ్ళే ఎక్కువ.

జైపూర్ మాస్టారు | సోమవారం రాత్రి 9:10

రైలుబాబుగారూ, అల్లింది. 61 వరకూ ముత్యాల్లా వచ్చాయి. 61 వెనక 64 వచ్చింది, అక్కణ్ణుంచి అన్నీ ఒకటి జరిగిపోయాయి, 95కి వెనక పేజీయే లేదు. లెక్కపెడితే ముందులు 48, వెనకలు 47. వెనకలు తీసేటప్పుడు రెండు కాగితాలు అంటుకుని ఒకేసారి దూరిపోయినట్టున్నాయి. అల్లేముందు రెండు ఫైళ్ళ పేజీల లెక్కా సరిచూసుకోవాలని ఇప్పుడు తెలిసింది.

రాయగడ రైలుబాబు | సోమవారం రాత్రి 9:26

అన్నీ మళ్ళీ తీయక్కర్లేదు మాస్టారూ. 62 ఒక్కటే ఫోనుతో తీయండి. వెనకల ఫైల్లో 96 నుంచి 64 దాకా మొదటి 17 పేజీలు. కలిపే గడిలో వెనకల ఫైలు వేసి పేజీల చోట 1-17 అని, తర్వాత 62 ఫైలు, తర్వాత మళ్ళీ వెనకల ఫైలే వేసి 18-47 అని రాయండి. 48 అవుతాయి. దాన్ని పట్టుకుని మళ్ళీ అల్లండి.

జైపూర్ మాస్టారు | సోమవారం రాత్రి 10:02

కుదిరింది. ఆ 62లో ఏముందో తెలుసా, మా తాతగారు పర్లాకిమిడి సంతలో ఎడ్ల జత కొన్న బేరం, ఎవరెవరికి ఎంత బాకీ ఉన్నారో ఆ చిట్టా. బాకీదారుల్లో మా మామగారి తండ్రి పేరుంది. మా ఆవిడకి చూపించాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

పాతపట్నం జిరాక్స్ | సోమవారం రాత్రి 10:06

ఆ ఒక్క పేజీకి పాస్‌వర్డ్ పెట్టీయండి మాస్టారూ.